పలాస దాటి జీడిపప్పు కోసం

కార్గిల్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది వేసవిలో, మా మేనకోడలు సుధకు వచ్చిన సంబంధం గురించి వాకబు చేయడానికి నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వెళ్లాను. అబ్బాయి సైన్యంలో పనిచేస్తాడు. వాళ్లది సముద్రం దగ్గరి ఊరు. పేరు రాస్తే గుర్తుపడతారు కాబట్టి రాయను. ఫొటో అందరికీ నచ్చింది. సుధ దాన్ని తన నోట్సులో దాచుకోవడం నేను చూశాను, చూడనట్టు ఊరుకున్నాను.

చిక్కంతా మా స్కూల్లో తోటి మాస్టారొకాయనతో వచ్చింది. "వాళ్లు అసలు మనవాళ్లు కారండీ, ఒరిస్సావాళ్లు. రెండు రాష్ట్రాల్లోనూ రేషన్ కార్డులున్నాయట" అని నా చెవిన వేశాడు. నేను ఆ మాట కాకినాడలో ఉన్న సుధ తండ్రి, మా అన్నయ్య చెవిన వేశాను. "ముందు ఏ రాష్ట్రం వాళ్లో తేల్చు. మిగతావన్నీ తర్వాత" అన్నాడు అన్నయ్య. ఇలాంటి పనులకు మా ఇంట్లో నన్నే పంపుతారు. పాతికేళ్లుగా పరీక్ష హాళ్లలో తిరుగుతున్నదాన్ని. చీటీ ఎవడి దగ్గరుందో మొహం చూస్తే చెబుతాను.

విశాఖపట్నంలో పొద్దున్నే పాసింజరు ఎక్కాను. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉండేసరికి అనుమానం వచ్చి చేత్తో తడిమి చూశాను. తడిగానే ఉంది. పేపరు పరిచి కూర్చున్నాను. విజయనగరంలో ఇడ్లీ కొన్నాను. చట్నీ వాసన చూసి పక్కన పెట్టి, వట్టి ఇడ్లీ తిన్నాను.

ఎదురుగా టెక్కలిలో ఒక ప్రభుత్వాఫీసులో పనిచేసే గుమస్తా ఒకాయన కూర్చున్నాడు. పేపర్లో సైనికుల వార్త ఏదో చదివి, దాన్ని మడిచి నాతో అన్నాడు.

"యుద్ధమప్పుడు మా ఆఫీసులో అందరం ఇండియా, ఇండియా అన్నామండి. ట్రాన్స్‌ఫర్లు వచ్చేసరికి ఎవడి జిల్లా ఆడిదే."

మనిషి తెలివైనవాడే అనిపించింది. కానీ నేనెక్కడికి వెళుతున్నానని అడగ్గానే జాగ్రత్తపడి, జీడిపప్పు కొనడానికి పలాస వెళుతున్నానని చెప్పాను. నమ్మాడు. దాంతో నాకు ధైర్యం వచ్చి, ఈ అబద్ధాన్నే చివరిదాకా వాడదామనుకున్నాను.

పదకొండు దాటాక పలాసలో దిగాను. ఆటోవాడు అడిగినదానికి సగమిస్తానంటే వెంటనే ఒప్పుకున్నాడు. అప్పుడు, సగం కూడా ఎక్కువేనేమో అన్న దిగులు పట్టుకుంది. కాశీబుగ్గ బస్టాండు దగ్గర భోజనం చేశాను. చేపల పులుసు బాగుంది. వెళ్లేవాళ్లు అన్నం మాత్రం వేడిగా ఉందో లేదో చూసుకుని కూర్చోండి.

పన్నెండున్నరకు హరిపురం మీదుగా సముద్రం వైపు వెళ్లే బస్సు దొరికింది. ఊరు దాటగానే ఎర్రమట్టి, జీడితోటలు, ఆపైన ఎటు చూసినా కొబ్బరిచెట్లు. కళ్లకు చల్లగా ఉంది. పక్కనున్న పెద్దావిడ తన బుట్టను కాళ్ల దగ్గరికి లాక్కుని నాకు చోటిచ్చింది.

"ఏ ఊరెల్తన్నారమ్మా?"

ఊరు చెప్పాను.

"సుట్టాలున్నారా?"

"లేరండీ. జీడిపప్పు కొందామని."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, వెనక సీటావిడతో ఒరియాలో ఏదో అంది. ఇద్దరూ నవ్వారు. నేను హ్యాండ్‌బ్యాగు ఒళ్లోకి లాక్కున్నాను. కాసేపాగి, ఆ ఊళ్లో మిలట్రీ అబ్బాయిగారి ఇల్లుందట, వాళ్లు ఆంధ్రావాళ్లా ఒరిస్సావాళ్లా అని ఏమీ ఎరగనట్టు అడిగాను.

"ఆల్లు మనోల్లే" అంది పెద్దావిడ.

"ఆ తల్లిది ఇచ్ఛాపురం అవతల, బరంపురం వైపు" అన్నాడు కండక్టరు.

"ఆల్లు మిలట్రీ ఓల్లమ్మా" అన్నాడు వెనకనుంచి ఒక ముసలాయన.

బ్యాగులోంచి చిన్న పుస్తకం తీసి మూడు జవాబులూ రాసుకుని, మూడింటి పక్కనా ప్రశ్నార్థకం పెట్టాను.

ఇల్లు వెతకనక్కర్లేకపోయింది. బస్సు దిగగానే ఎవరో వేలు చూపించారు. అరుగు మీద ఒకావిడ జీడిపప్పు పొట్టు తీస్తోంది. పిక్కలు కొట్టీ కొట్టీ వేళ్లు నల్లబడ్డాయి. మేకను ఒరియాలో అదిలించింది. పక్కింటావిడకు తెలుగులో బదులు చెప్పింది. ఇది కూడా రాసుకోవాలనుకున్నాను. దగ్గరికెళ్లి, "పప్పు కొందామని వచ్చానండీ" అన్నాను.

ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుంది.

"పలాస దాటి పప్పు కోసం ఇంతదూరం ఎవులొత్తారమ్మా? ఊరూరా ఉన్న పప్పంతా ఎల్లి పలాసకే సేరుద్ది. మీరు పిల్ల మేనత్త కదూ? వాకబుకి ఒత్తారని సంబంధం తెచ్చినోల్లు సెప్పేరు. కూకోండి వదినగోరూ."

ఆ బస్సులో వాళ్లెందుకు నవ్వారో అప్పుడు తెలిసింది. పరీక్షలో పట్టుబడ్డ పిల్లల మొహం ఎలా ఉంటుందో పాతికేళ్లుగా చూస్తున్నాను. ఆ మొహంతోనే కూర్చున్నాను.

మంచినీళ్లిచ్చి ఆవిడ లోపలికెళ్లి రేషన్ కార్డు తెచ్చింది. "రెండున్నాయని ఎవులో అన్నారంట. ఉన్నదిదే, సూసుకోండి" అంటూ నా ఒళ్లో పెట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా తిరగేసి రెండు వైపులా చూశాను. నా బుద్ధి అలాంటిది.

అబ్బాయి సైకిల్ మీద వచ్చాడు. ఫొటోలో కన్నా నల్లగా ఉన్నాడు. తల్లితో ఒరియాలో మాట్లాడి, నాతో తెలుగులోకి వచ్చాడు. వచ్చిన పని ఎలాగూ బయటపడింది కదా అని సూటిగానే అడిగాను.

"నువ్వేమని చెప్పుకుంటావు బాబూ? ఆంధ్రా అనా, ఒరిస్సా అనా?"

"నాను సెప్పుకునేదాకా ఎవులాగుతారండీ? యూనిట్‌లో మద్రాసీ అంటారు. మావయ్యోళ్ల ఊర్లో తెలుగోడంటారు. ఇక్కడికొత్తే మిలట్రీ అంటారు. మీరేటంటారో మీ ఇట్టం" అని నవ్వాడు.

తల్లి నవ్వలేదు.

"ఆడు మంచుకొండల్లో ఉన్నన్నాళ్లూ నాకు నిద్దర్లేదు. ఊరూరోల్లొచ్చి, మన దేశం పిల్లోడమ్మా, ఏటీ అవ్వదు అన్నారు. దేశానికి కావలసినప్పుడు ఏ రాట్టమోడని ఎవులూ అడగనేదు. పిల్లనియ్యమంటే అడుగుతున్నారు."

నేను రేషన్ కార్డు తిరిగి ఆవిడ చేతికిచ్చాను. ఆవిడే మళ్లీ అంది.

"నాకూ ఒక అనుమానం ఉన్నాది వదినగోరూ. మీ గుంట మావోడ్ని ఇట్టపడ్డదా, నేదా? ఆడి సెలవింక నాలుగు రోజులే. ఆ మాట ఎవులూ సెప్పరేం?"

నోట్సులో ఫొటో నాకు గుర్తుంది. అయినా, అన్నయ్యను అడక్కుండా నోరు జారకూడదని, "కనుక్కుని చెబుతాం" అన్నాను. ఆవిడ తలూపి, పొట్టు తీసిన పప్పులోంచి ఏరి ఒక పొట్లం కట్టింది.

"పప్పుకని వొచ్చేరు కదా. వట్టి సేతుల్తో ఎల్తే దారిలోవాళ్లేటనుకుంటారు?"

నా మాట నాకే అప్పజెప్పింది. ఒళ్లు మండింది, ఆవిడ మీద కాదు. "వెళ్లొస్తాను వదినా" అని లేచాను. ఆ పిలుపు అనుకోకుండా వచ్చింది.

మూడున్నర బస్సుకు అబ్బాయి సైకిల్ నడిపించుకుంటూ నాతోపాటు వచ్చాడు. రోడ్డు మలుపులో బస్సు కనిపించింది. ఇంక ఆగలేకపోయాను.

"సుధ నోట్సులో నీ ఫొటో ఉంది. దాచుకుంది. నేను చూశాను."

అతను ఠక్కున ఆగి నన్నే చూశాడు.

"నిజమేనాండీ? లేపోతే పప్పు కొనడానికొచ్చేరన్నంత నిజమా?"

"నిజం. నా మీద ఒట్టు."

నమ్మాడో లేదో తెలియదు. బస్సు కదిలాక వెనక్కి చూస్తే అక్కడే నిలబడి ఉన్నాడు.

పలాస స్టేషను బయట ఎస్టీడీ బూత్ నుంచి అన్నయ్యకు ఫోన్ చేశాను.

"ఏ రాష్ట్రం వాళ్లో తేలిందా?" అన్నాడు.

"తేలలేదు. సుధకు ఆ అబ్బాయి ఇష్టం. నాలుగు రోజుల్లో కబురు పంపకపోతే వెళ్లిపోతాడు. మనకు వాళ్లు నచ్చడం సంగతి సరే, మనం వాళ్లకు నచ్చామో లేదో నాకు తెలియదు. నా వల్ల చెడితే నన్ను తిట్టు" అన్నాను. మీటరు తిరుగుతూనే ఉంది.

సాయంత్రం పాసింజరులో కిటికీ పక్క పొడి సీటే దొరికింది. అటు వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగిందొకటే. జీడిపప్పే కావాలంటే పలాసలో దిగి కొనుక్కుని వెనక్కి రండి. అది దాటి వెళితే వాకబు మీ మీదే జరుగుతుంది.

నౌపడా దాటాక పొట్లం విప్పాను. అడుగున పుచ్చులో ముక్కలో కలిపి ఉంటుందని ఒక్కొక్క పప్పే తీసి వెలుతురులో తిప్పి చూశాను. శ్రీకాకుళం రోడ్డు స్టేషను వచ్చేదాకా వెతికాను. ఒక్కటి కూడా విరగలేదు. అన్నీ గుండుపప్పులే.