బావి నీళ్ళ మర్యాద

2022లో నేను వజ్రపుకొత్తూరు వైపు ఒక హైస్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. వారానికొక వాల్యూ ఎడ్యుకేషన్ పీరియడ్ కూడా నాదే. నీతి, మతాలు, తత్వం కలిపి చెప్పే ఆ పాఠానికి పరీక్ష ఉండదు కాబట్టి లెక్కల మాస్టారు ఆ గంట తనకిమ్మనేవారు. నేనివ్వలేదు. టెక్కలి దగ్గర మా తాతగారి లోగిలి ముందు ఎండాకాలమంతా దారినపోయేవాళ్ళకి మజ్జిగ పోసేవారు. ఇప్పుడది జీడి ఫ్యాక్టరీ. అటు బస్సులో వెళ్ళినప్పుడు నేను కిటికీ వైపు కూర్చోను.

రెండు మంచి పనుల్లో ఒకటే చేయగలిగితే ఏది చేయాలన్న చిక్కును డైలమా అంటాం. ఒకరోజు క్లాసులో, పుస్తకంలోవి వద్దు, మీ ఇళ్ళలోవి చెప్పండన్నాను. పదో తరగతి ఈశ్వరి లేచింది.

"ఇంటికొచ్చినోళ్ళకి నీళ్ళివ్వాల గదా సార్. ఆ నీళ్ళ మీదే మనకి అనుమానముంటే ఏటి సెయ్యాల?"

క్లాసులో ఎవరూ నవ్వలేదు. ఈశ్వరి తండ్రి నారాయణకి కిడ్నీలు పాడై పలాసలో డయాలసిస్ జరుగుతోంది. మా ఉద్దానం ఊళ్ళల్లో ఆ జబ్బుకి కారణం ఇదీ అని తేలలేదు గాని, అనుమానం ప్రతి బావి మీదా ఉంది.

"నువ్వే ఆలోచించి చెప్పు," అన్నాను. జవాబు మేం చెప్పకూడదు. ఆ పాఠం పద్ధతి అది.

ఈశ్వరి ఆలోచించి, వచ్చినవాళ్ళకి ఆ నీళ్ళు ఇవ్వకుండా ఇంట్లో బావి చేద దాచేసింది. తండ్రి బడి మాన్పించేశాడు.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. నారాయణ అరుగు మీద కూర్చున్నాడు.

"నీళ్ళియ్యొద్దని నేర్పే బడికి మా గుంటని పంపను మాస్టారూ. ఇప్పటికే నా సొంత తమ్ముడు మా ఇంటికి నీళ్ళ సీసా సంకలో ఎట్టుకొనొత్తన్నాడు."

"మీ బావి నీళ్ళే తెప్పించండి, తాగుతాను," అన్నాను. ఒక ఇంటి ముందు జనం ఆగడం మానేస్తే ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"వద్దు సార్." ఈశ్వరి అడ్డం వచ్చింది. "ఆయనకేటైనా అయితే, నాన్నా?"

"మరేటిస్తావు? ఉత్త సేతుల్తో పంపుతావా?"

ఆమె పెరట్లోకి వెళ్ళి కొబ్బరి బొండాం కొట్టి తెచ్చింది. "మొక్కప్పట్నించీ ఈ సెట్టుకి పోసింది మన బావి నీరే. ఇది మనిల్లు ఇచ్చింది కాదా?"

నారాయణ కూతురి వైపు తిరిగాడు. "మాటకారి గుంట. రేపు బడికెల్లు."

బొండాం తనే అందుకుని నా చేతికిచ్చాడు. అతనికి రోజూ నీళ్ళు కొలిచే ఇస్తారు, కొబ్బరినీళ్ళు అసలు తాగకూడదు. ఆ సంగతి గుర్తొచ్చి నా చెయ్యి ఆగింది.

"తాగండి. తీపిగుందా?"

చప్పగా ఉందంటే అతనికి సుఖమేమో. "చాలా తీపి," అన్నాను.

"ఇంకా సెప్పండి." కళ్ళు మూసుకున్నాడు.

చల్లగా ఉందన్నాను. మొదట తీపి, గొంతులోకి దిగాక కాస్త ఉప్పు తగులుతోందన్నాను. "సముద్రప్పక్క తోట గదా," అని తల ఊపాడు. తొందరపడకుండా తాగాను.

పోయినదాని మాట ఎత్తకపోవడమే మర్యాదని మా ఇంట్లో పెంచారు. దాని రుచి అడిగే మనిషికి ఏమీ తగ్గించకుండా చెప్పడం కూడా మర్యాదేనని నేర్చుకున్నది ఆ అరుగు మీదే.