సగం బ్రిడ్జి, సుత్తి మావయ్య

మా మావయ్యను ఊరంతా సుత్తి మావయ్య అనేది. చేతిలో ఎప్పుడూ చిన్న సుత్తి ఉంటుంది కనుక ఆ పేరు వచ్చిందని ఆయన నమ్మకం. కూర్చోబెడితే బ్రిడ్జి కబుర్లు తప్ప ఇంకోటి చెప్పడు కనుక వచ్చిందని మిగతా అందరి నమ్మకం. నేను రెండూ నిజమే అంటాను.

ఆయన ఉద్యోగం ఏటి మీది పాత ఇనుప బ్రిడ్జికి బోల్టులు చూడడం. ముప్ఫై ఒక్క ఏళ్లు అదే పని. బ్రిడ్జి కింద బిగించిన చెక్కల మీద వంగి నడుస్తూ, ఒక్కో బోల్టు మీద సుత్తితో ఒక్క దెబ్బ వేసేవాడు. గట్టిగా ఉన్న బోల్టు ఖంగుమంటుంది. వదులైనది దబ్బుమని ఊరుకుంటుంది. ఖంగుమన్నదానికి సుద్దముక్కతో గీత, దబ్బుమన్నదానికి సున్నా. ఇంట్లోనూ అదే అలవాటు. తలుపు గడియ, కుర్చీ కాలు, చివరికి అత్తయ్య కొత్తగా కొన్న పెనం పిడి కూడా ఆయన సుత్తిని తప్పించుకోలేదు.

"మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు కుర్చీని కొట్టి చూసి గానీ కూర్చోలేదు మీ మావయ్య," అని అత్తయ్య ఇప్పటికీ దెప్పుతుంది.

ఆయన రిటైరైన నాలుగో ఏడు తుపాను వచ్చింది. తాళ్లు తెంచుకున్న పెద్ద పడవ ఒకటి వరదలో కొట్టుకొచ్చి బ్రిడ్జి నడుముకి తగిలింది. అవతలి సగం ఏట్లో కలిసింది. మా వైపు సగం మాత్రం నిలబడింది. నీళ్ల మీదికి కొంతదూరం వెళ్లి అక్కడితో ఆగిపోతుంది. ఎగువన కొత్త బ్రిడ్జి కట్టాక, దీన్ని తుక్కు కింద విరగ్గొట్టేయమన్నారు కొందరు. కానీ జనం అప్పటికే దారికి అడ్డంగా కట్టిన కంచె పక్కనుంచి దూరి, సాయంత్రాలు అక్కడ కాళ్లు వేలాడేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. పాపం, ఏం చేస్తారు? మా ఊళ్లో రోడ్డు మీద నడిస్తే బండ్లు, ఇంట్లో నడిస్తే గోడలు.

నేను మున్సిపాలిటీలో పార్కుల సెక్షన్లో పనిచేస్తాను. ఆ సగానికి రెయిలింగు, బెంచీలు వేసి నలుగురూ తిరిగే చోటు చేద్దామని ఫైలు నడిపింది నేనే. ఇంజనీరు గారు మెలిక పెట్టారు. ముందు బోల్టులన్నీ చూడాలి, పాడైనవి మార్చాలి, ఆ తర్వాత ఇసుక లారీలు ఎక్కించి బరువు పరీక్ష చేయాలి. వానలు మొదలయ్యేలోగా ఇదంతా కాకపోతే కూల్చివేతే. ఆ బ్రిడ్జి ఆనుపానులు తెలిసిన మనిషి మావయ్య ఒక్కడే. అడగగానే ఆయన ముఖం చేటంత అయింది.

నాలుగు రోజుల్లో ముగించాడు. ఎక్కడ చూసినా గీతలే. సున్నాలు ఏడంటే ఏడు. నేను ఎగిరి గంతేసి, నివేదిక రాసుకుందామని వాళ్లింటికి వెళ్లాను. వంటింట్లో కుక్కరు కూత మీద కూత వేస్తోంది. దాని పక్కనే కూర్చుని మావయ్య పేపరు చదువుతున్నాడు.

"స్టవ్ కట్టేయండి!" అని పెరట్లోంచి అత్తయ్య కేకేసింది. ఆయన తాపీగా పేజీ తిప్పాడు.

అత్తయ్య తనే వచ్చి కట్టేసి, నన్ను పెరట్లోకి లాక్కెళ్లింది. "ఎడమ చెవి పూర్తిగా పోయిందే. కుడిది సగమే. రెండేళ్లయింది. ఆయన నాకు చెప్పలేదు. కనిపెట్టానని నేనూ చెప్పలేదు."

"మరి బోల్టులెలా విన్నాడత్తయ్యా?"

"అదేనే నా భయం."

ఆ ఏడు సున్నాలు నమ్ముకుని ఊరి జనాన్ని ఏటి మీదికి పంపబోతున్నాను. నిజం చెబితే బ్రిడ్జి పోతుంది, ఆయన పరువూ పోతుంది. చెప్పొద్దూ, ఆయన మీద ఒళ్లు మండింది కూడా. ఏం చేయాలో తోచక నివేదిక రాయకుండానే వచ్చేశాను.

మర్నాడు ఆఫీసుకి వెళ్లేసరికి ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఉన్నారు.

"ఆ నివేదిక ఇవ్వకే," అన్నాడు మావయ్య. "పడవ గుద్దిన బ్రిడ్జికి ఏడే వదులు బోల్టులా? ఇంకెవడైనా చెప్పుంటే నాలుగు చీవాట్లు పెట్టేవాణ్ణి. నాకు వినపడట్లేదు. ముప్ఫై ఏళ్లు విన్న చప్పుడు కదా, దెబ్బ వేయగానే తలలో అదే మోగుతోంది."

అత్తయ్య నా పక్కకి జరిగి, "పొద్దున్నే చెప్పేశారు. కొత్తగా వింటున్నట్టు మొహం పెట్టలేక చచ్చాను," అని గొణిగింది.

ఇంజనీరు గారి ముందూ అదే చెప్పాడు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పెద్దాయనా, ఇక మీ మాట మీద నేనెలా సంతకం పెట్టను?"

"ఈయన మాట వద్దు బాబూ, నా చెవి పెట్టుకోండి," అంది అత్తయ్య. "ఈ ఇనప గోల నేనూ ముప్ఫై ఏళ్లుగా పడుతున్నా."

ఇంజనీరు గారు ఊరికే ఒప్పుకునే రకం కాదు. ఇరవై బోల్టుల్ని తన మనుషుల చేత పానా వేయించి చూసుకుని, ఏవి వదులో చెప్పకుండా అత్తయ్యను నిలబెట్టారు. మావయ్య కొట్టాడు, అత్తయ్య చెప్పింది. ఒక్కటీ తప్పలేదు.

ఆ తర్వాత పదకొండు రోజులు ఇద్దరూ బ్రిడ్జి కిందే ఉన్నారు. బోల్టు వెనక వేలు ఆనించి, అదురు చూస్తూ కొట్టే పద్ధతి ఒకటుంది. అది కొత్తవాళ్ల పద్ధతని మావయ్యకి ఎప్పుడూ నామోషీ. ఇప్పుడు అలాగే కొట్టాడు. వేలూ చెవీ ఒక్క మాట మీదుంటేనే గీత. సున్నాలు తొంభై మూడు తేలాయి. తెగిన వైపు చివరి ఇరవై అడుగులు బాగుచేసినా లాభం లేదని కోసేయాల్సి వచ్చింది. ఉద్యోగం రోజుల్లో ఆయన మధ్యాహ్నం క్యారియర్ విప్పుకునేది అక్కడే. అక్కడి ఆఖరి సున్నా తనే చుట్టి, సుద్దముక్క ఏట్లో పారేశాడు. నాకు ఏడుపొచ్చింది.

బోల్టులు మార్చాక లారీలు ఎక్కాయి, దిగాయి. బ్రిడ్జి కిక్కురుమనలేదు.

తెరిచిన రోజు సాయంత్రం ఊరు ఊరంతా అక్కడే ఉంది. మావయ్య మొదటి బెంచీ దగ్గర ఆగి, జేబులోంచి సుత్తి తీసి దాని కాలి మీద ఒక్కటి వేశాడు. అందరూ చూస్తుండగానే అత్తయ్య వైపు వంగి, "ఏమంటోందే?" అని అడిగాడు.

"గట్టిగానే ఉందంటోంది. కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. అత్తయ్య చుట్టూ తిరిగి వెళ్లి ఆయనకి కుడివైపు కూర్చుంది.