కదలని బస్సులో ఖాజా సాబు ఎడమకాలు

1981 వేసవి. మదనపల్లెలో ఒక బస్సుల సంస్థ వర్క్‌షాపులో నేను ఎలక్ట్రీషియన్ని. హెడ్‌లైట్లు, హారన్లు, డైనమోలు, బ్యాటరీలు నా పని. ఎవరైనా ఏం చేస్తుంటావని అడిగితే "పదిమందికి దారి వెలిగిస్తాను" అని గొప్పగా చెప్పేవాణ్ణి. మా ఇంట్లో ఫ్యూజు పోతే మాత్రం మా ఆవిడ పక్కింటాయన్ని పిలిచేది.

ఇప్పుడు డ్రైవర్లను పరీక్షించడానికి సిమ్యులేటర్లు వచ్చాయట. బండి కదలదు, రోడ్డంతా తెర మీదే నడుస్తుంది. కళ్ళకు డబ్బాలాంటి అద్దాలు తగిలించుకుంటే తల ఎటు తిప్పినా రోడ్డే కనబడే వర్చువల్ రియాలిటీ కూడా వచ్చిందని మొన్న పత్రికలో చదివాను. చదివి, మీసం ఒకసారి సవరించుకున్నాను. మొదటిదాని లాంటిదొకటి మేం ఆ వేసవిలో రేకుల షెడ్డు కింద పాత సామానుతో కట్టాం. సిమ్యులేటర్ అని పేరు పెట్టేంత చదువు మాకు లేదు. బొమ్మ బస్సు అనేవాళ్ళం.

ఆలోచన నాది కాదు. పద్మనాభం గారని ఒక ఇంజనీరింగ్ లెక్చరర్, ఏదో పరిశోధన కోసం మా దగ్గరికి వచ్చారు. ప్రమాదం కంటబడిన క్షణం నుంచి బ్రేకు మీద కాలు పడే క్షణం దాకా డ్రైవరుకు ఎంతసేపు పడుతుంది? దాన్ని రియాక్షన్ టైమ్ అంటారు. నిజం రోడ్డు మీద కొలుద్దామంటే నిజం ప్రమాదమే కావాలి. అందుకని రోడ్డునే షెడ్డులోకి తెద్దామన్నారు ఆయన.

ఇక పనికిరాదని కండెమ్ చేసిన బస్సు ఒకటి వర్క్‌షాపు వెనక తుప్పు పట్టి ఉంది. దాని ముందు భాగాన్ని కోసి షెడ్డులో పెట్టాం. స్టీరింగు, గేరు రాడ్డు, మూడు పెడల్సు, డ్రైవరు సీటు అన్నీ అట్లాగే ఉంచాం. ఎదురుగా తెల్ల గుడ్డ కట్టి, చుట్టూ టార్పాలిన్లు దించి, పట్టపగలే చీకటి చేశాం. పద్మనాభం గారు ఒక బస్సు ముందు కెమెరా బిగించి పుంగనూరు నుంచి కుప్పం దాకా రోడ్డును సినిమా తీశారు. ఒక దిగుడు మలుపులో, పొదల చాటు నుంచి ఎద్దులబండి రోడ్డు మీదికి వచ్చేలా ఏర్పాటు చేశారు. బండి తోలినాయన తన ఎద్దుల్ని తెర మీద చూసుకోవడానికి మూడు సార్లు షెడ్డుకు వచ్చాడు. తన మొహం సరిగా పడలేదని మూడు సార్లూ నొచ్చుకుని పోయాడు.

గడియారం పని మాత్రం పూర్తిగా నాదే. ఎద్దు తల కనబడే చోట ఫిల్ము అంచున సిగరెట్ పెట్టెలోని వెండికాగితం ముక్క అతికించాను. ప్రొజెక్టరులో ఆ ముక్క రెండు తీగల మధ్య నుంచి పోగానే కరెంటు పారి గడియారం మొదలవుతుంది. డ్రైవరు బ్రేకు తొక్కితే వెనక ఎర్రదీపం వెలిగే స్విచ్చు ఒకటి ప్రతి బస్సులోనూ ఉంటుంది కదా, గడియారాన్ని ఆపే వైరు దానికి కలిపాను. బ్రేకు తొక్కినా తెర మీద బొమ్మ ఆగదు. కాబట్టి ఆ ఎద్దులబండిని అందులో కూర్చున్న మా డ్రైవర్లందరూ తలా నాలుగు సార్లు గుద్దారు. ఒక్క చుక్క రక్తం కారలేదు. దేశంలో ఏనాడూ లేటు కాని బస్సు ఇదొక్కటే అనేవాణ్ణి. బయలుదేరితే కదా లేటవడానికి!

అంతా సరదాగానే ఉండేది. అప్పుడు ఖాజా సాబు సంగతి వచ్చింది.

ఖాజా హుసేన్ మా సీనియర్ డ్రైవరు. యాభై దాటిన మనిషి. పుంగనూరు, కుప్పం రూటులో ఇరవై ఏళ్ళుగా నడుపుతున్నాడు. ఆ నెలలో కుప్పం దారిలో, దిగుడులో, ఆయన బస్సు ఒక ఎద్దులబండికి తగిలింది. మనుషులకేమీ కాలేదు. బండి చక్రం విరిగింది, ఒక ఎద్దు కొమ్ము పోయింది. "బ్రేకు సప్పుడే ఇనపడలేదు" అని ప్రయాణికులు రాసిచ్చారు. ఆయన మాత్రం, "నేను దూరం నుంచే సూసినాను. గేరు దించినాను. ఇంజను అరుపుకి ఎద్దులు బెదిరి బండిని ఎనక్కి నెట్టినాయి" అన్నాడు. ఎవరూ నమ్మలేదు. వయసు మీద పడింది, చూపు ఆనలేదు, అందుకే బ్రేకు ఆలస్యంగా పడింది అన్నది ఆఫీసు మాట.

మా ట్రాఫిక్ సూపరింటెండెంటుకు అప్పుడే బొమ్మ బస్సు గుర్తొచ్చింది. "కోర్టూ వద్దు, సాక్షీ వద్దు. ఆ గడియారమే చెప్పనీ" అన్నాడు. పరీక్షలో తప్పితే ఖాజా సాబును స్టీరింగు మీద నుంచి దించి స్టోర్సులో కూర్చోబెడతారు. జీతం తగ్గదు. కానీ ఆ మాట విన్న రోజు ఆయన తన ఖాకీ చొక్కా గుండీ విప్పి మళ్ళీ పెట్టుకుని, నాతో ఒకటే అన్నాడు.

"స్టోర్సులో నట్లు ఎంచడానికి చొక్కా యాలప్పా? బనీను సాలు."

పరీక్ష జరిగింది. కుర్ర డ్రైవరు వెంకటరమణ ముందు కూర్చున్నాడు. ఎద్దు తల కనబడిందో లేదో, దబ్బున బ్రేకు తొక్కాడు. గడియారం సెకను లోపే ఆగింది. తర్వాత ఖాజా సాబు. సెకను పోయింది, రెండో సెకను కూడా దాదాపు పోయింది, అప్పటికి గడియారం ఆగింది. నాలుగు సార్లు పెట్టాం. నాలుగు సార్లూ అంతే.

వెంకటరమణ ఊరుకోలేదు. "ఏం సాబూ, బ్రేకు తొక్కేదానికి అనంతపురం నుంచి కాలు తెప్పించుకుంటావా?"

"నీ కాలు బ్రేకు మీదే కాపురం పెట్టింది కదరా. దానికి వేరే ఊరు తెలీదు" అన్నాడు ఖాజా సాబు. నవ్వాడు గానీ నవ్వు కళ్ళ దాకా రాలేదు.

పద్మనాభం గారు దిగులుగా రిపోర్టు రాయడం మొదలుపెట్టారు. సూపరింటెండెంటు మర్నాడు వచ్చి చూసి సంతకం పెట్టాలి. నా గడియారం ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదని నాకు లోపల గర్వంగానే ఉంది. ఒక పెద్దమనిషి చేతిలో స్టీరింగు పోతుంటే నా వైరింగు బాగుందని మురిసిపోయిన ఘనత నాది.

సాయంత్రం షెడ్డు సర్దుతూ చూస్తే క్లచ్ పెడలు జారిపోయి వేలాడుతోంది. దాని స్ప్రింగు ఎప్పుడో పోతే సైకిల్ ట్యూబు ముక్క కట్టాను. అది తెగింది. ఇరవై మంది డ్రైవర్లు కూర్చున్నప్పుడు తెగనిది ఈ రోజెందుకు తెగింది? చిరాకుగా బయటికొచ్చాను. ఖాజా సాబు పంపు దగ్గర మొహం కడుక్కుంటున్నాడు.

"సాబూ, కదలని బండికి క్లచ్ యాల తొక్కినావు? ట్యూబు తెంపినావు సూడు!"

ఆయన తుండుతో మొహం తుడుచుకుంటూ నన్ను వింతగా చూశాడు. "కదలని బండి ఏందప్పా? రోడ్డు వస్తాంది కదా!"

"అది గుడ్డ సాబూ."

"గుడ్డే. అయితే దిగుడు దిగుడే కదా. నిండుబండి, టాపు మీద టమాటా గంపలు. దిగుడులో దబ్బున బ్రేకు తొక్కితే ఏమయితాదో ఆ పిల్లోనికి తెలీదు, నీకూ తెలీదు. ముందు ఆక్సిలేటరు ఇడవల్ల. క్లచ్ తొక్కి గేరు దించల్ల. ఇంజనే బండిని పట్టుకుంటాది. ఆఖర్న బ్రేకు, మెల్లిగా, బిడ్డను జో కొట్టినట్ల."

పాత బస్సుల్లో గేరు దించడమంటే క్లచ్ రెండు సార్లు తొక్కాలి. నడుమ ఇంజన్ను ఒకసారి అరిపించాలి. దిగుడులో ఇంజనుతోనే వేగం చంపడాన్ని ఇంజన్ బ్రేకింగ్ అంటారు. మా వైపు నిండుబండ్లు నడిపే పాతకాపులందరి పద్ధతీ అదే. ఇదంతా నాకు తెలియనిది కాదు. పదిహేనేళ్ళుగా వర్క్‌షాపులో వింటున్నదే. కానీ వైరు వేసేటప్పుడు నాకు గుర్తొచ్చిన కాలు కుడికాలొక్కటే. ఎడమకాలు ఏం చేసినా నా గడియారానికి తెలియదు.

అక్కడే పంపు గట్టు మీద కూలబడ్డాను. వెంకటరమణ, మిగతావాళ్ళు ఏం చేశారు? బండి ఎప్పుడొస్తుందా, ఎప్పుడు తొక్కుదామా అని బ్రేకు మీదే కాలు పెట్టుకుని సినిమా చూశారు. ఆ గుడ్డను రోడ్డని నమ్మి నిజంగా బస్సు నడిపినవాడు ఖాజా సాబు ఒక్కడే. ఏ నమ్మకం కోసం మేమంత కష్టపడి షెడ్డు కట్టామో, ఆ నమ్మినవాణ్ణే మా గడియారం తప్పుపట్టింది.

పద్మనాభం గారి దగ్గరికి పరుగెత్తాను. "సార్, తప్పు జరిగింది. సాబుది కాదు, నాది."

ఆయన అంతా విని, రాసిన కాగితాలను నిలువునా చింపారు. అంత కష్టపడి రాశారే అని నేను సణిగితే, "రాయడానికే బాగోలేదు, చింపడానికి బాగుంది నారాయణప్పా" అన్నారు.

పొద్దున సూపరింటెండెంటు వచ్చేసరికి డాష్‌బోర్డు మీద మూడు బల్బులు బిగించాను. ఆక్సిలరేటరు మీది నుంచి కాలు తీస్తే పచ్చది, క్లచ్ తొక్కితే పసుపు, బ్రేకు తొక్కితే ఎరుపు. సంగతి చెప్పి, నిన్నటి పొరపాటు నాదేనని ఒప్పుకున్నాను.

"నీ గడియారాన్ని నమ్ముకునే కదా మేం తీర్పు చెప్పబోయింది?" అన్నాడాయన.

"గడియారం అబద్ధం చెప్పలేదు సార్. నేనే దానికి సగం ప్రశ్న నేర్పించినాను."

ఖాజా సాబు బిస్మిల్లా అనుకుని సీట్లో కూర్చున్నాడు. ప్రొజెక్టరు గిరగిరా తిరిగింది. దిగుడు వచ్చింది. పచ్చ బల్బు వెలిగింది, వెంటనే పసుపు. గడియారం ముల్లు ఇంకా సున్నా మీదే ఉంది! ఆ తర్వాత ఎద్దు తల కనబడింది, గడియారం మొదలయింది, చివరికి ఎరుపు.

"గడియారం చెడిపోయిందా?" అన్నాడు సూపరింటెండెంటు.

"లేదు సార్. మనిషి బాగుండాడు" అన్నాను.

"బాగుండకేం? నాలుగు సార్లు చూసిన సినిమా. బండి ఎక్కడొస్తుందో కంఠతా వచ్చుంటుంది."

ఆ మాట న్యాయమైనదే. పద్మనాభం గారు మాత్రం తొణకలేదు. సంచిలోంచి ఇంకో రీలు తీశారు. పుంగనూరు సంత ముందురోజు తీసిన ముక్క, ఎవరికీ చూపనిది. దానికి వెండికాగితం కూడా లేదు. గడియారం అక్కరలేదు, బల్బులు చూస్తే చాలన్నారు. ముందు వెంకటరమణను కూర్చోబెట్టారు. ఖాళీ రోడ్డు, ఎడమవైపు చెరకు తోట, రోడ్డు పక్కన ఒంటిగా నడిచిపోతున్న ఒక మనిషి. ఉన్నట్టుండి తోటలోంచి మేకలమంద రోడ్డు మీదికొచ్చింది. ఎర్ర బల్బు టక్కున వెలిగింది. కుర్రవాడు చురుకే, కాదనలేం.

బయట నిలబెట్టిన ఖాజా సాబును పిలిచి అదే రీలు వేశారు. ఖాళీ రోడ్డు. చెరకు తోట. ఒంటి మనిషి. పచ్చ బల్బు వెలిగింది. పసుపు వెలిగింది. రోడ్డు మీద ఏమీ లేదు. ఆ తర్వాత మేకలు వచ్చాయి.

సూపరింటెండెంటు తానే లేచి టార్పాలిన్ పక్కకు లాగాడు. వెలుగు పడింది. "ఏం చూశావు హుసేన్? ఏమీ లేదే అక్కడ!"

"ఒంటిగా పోతాండే మనిషి ఊరికే ఎనక్కి తిరిగి సూస్తాడా సార్? తోట పక్కకి రెండు సార్లు తిరిగినాడు. ఎనక ఆయన గొడ్డో, మేకో ఉండాల్సిందే."

"మరి ఎద్దులబండి? అది పొదల చాటున ఉంది కదా?"

"పొదల మీద దుమ్ము లేస్తాండాది సార్. గాలి లేదు. దుమ్ము దానంతటదే లేస్తాదా?"

మేం ఆ ఫిల్మును ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. దాన్ని తీసిన పద్మనాభం గారు గాని, అంచున కాగితం అతికించిన నేను గాని ఆ దుమ్మును చూడలేదు. మళ్ళీ వేసి చూస్తే ఉంది. సన్నగా, పొదల నెత్తిన, ముగ్గుపొడి ఎగజల్లినట్టు.

వెంకటరమణ అందరికంటే ముందు నోరు తెరిచాడు. "సాబూ, నిన్నన్న మాట ఎనక్కి తీసుకుంటాండా."

"నక్కో రా, ఉండనీ" అన్నాడు ఖాజా సాబు. "అనంతపురం నుంచి తెప్పించినా నా కాలే ముందొచ్చింది కదా."

సోమవారం ఆయన మళ్ళీ డ్యూటీ ఎక్కాడు. ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకుని మరీ వచ్చాడు. తర్వాత ఏళ్ళలో కొత్తగా చేరిన ప్రతి డ్రైవరూ ముందు బొమ్మ బస్సులో కూర్చోవలసిందే. ఎంత త్వరగా బ్రేకు తొక్కావని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. పచ్చ బల్బు ఎప్పుడు వెలిగింది, ఎందుకు వెలిగింది అని అడిగేవాళ్ళు. మా ఖాజా సాబు కాలు పెట్టిన కొలత అది. నా సర్వీసులో చాలా దీపాలు వెలిగించాను. గర్వంగా చెప్పుకునేవి ఆ మూడు బల్బులే. అవి కూడా ముందు తప్పు చేస్తే గాని రాలేదు. మనిషిని కొలిచే యంత్రం కట్టేముందు ఆ మనిషి పని చేస్తుంటే పక్కన కూర్చుని చూడాలని ఆ వేసవిలో నేర్చుకున్నాను.

ఆ పాఠం ఆలస్యంగానైనా పాటిద్దామని, తర్వాతి వారం సెలవు పెట్టి పుంగనూరులో ఆయన బస్సెక్కాను. బానెట్ పక్క సీట్లో కుప్పం దాకా కూర్చున్నాను. అందరూ కిటికీలోంచి అడవి చూస్తుంటే నేను ఆయన పాదాలు చూస్తున్నాను. దిగుడు మొదలైంది. ముందు ఖాళీ రోడ్డు. కుడిపాదం మెల్లిగా లేచింది. ఎడమకాలు క్లచ్ మీదికి పోయింది. గేరు దిగింది, ఇంజను గుర్రుమంది. నేను తలెత్తి ఎదురుగా వెతికాను. ఏమీ కనబడలేదు.

మలుపు తిరిగాం. కట్టెల మోపులు నెత్తిన పెట్టుకుని నలుగురు ఆడవాళ్ళు రోడ్డు దాటుతున్నారు. బస్సు వాళ్ళకు దూరంగా, నింపాదిగా ఆగింది. వాళ్ళు దాటేదాకా ఖాజా సాబు హారను కూడా కొట్టలేదు. అప్పుడు నా వైపు తిరిగి కన్ను గీటాడు.

"ఏమప్పా నారాయణప్పా, బల్బు యెలిగిందా?"