దుబాయి చూసొచ్చిన తాళంచెవి

కోరుట్లలో నేను వేసిన తాళానికి తాళంచెవి దుబాయిలో తేలింది. నవ్వదలుచుకున్నవాళ్ళు ఇప్పుడే మొదలుపెట్టండి, మధ్యలో తీరిక దొరకదు.

అప్పట్లో గల్ఫ్‌కు పోయేవాళ్ళ కాగితాలు భద్రపరిచే సంఘంలో కంప్యూటర్ పని నాది. పాస్‌పోర్టు కాపీలన్నీ సంఘం సొంత సర్వర్‌లోనే ఉండేవి. పరాయివాళ్ళు చదవకుండా వాటికి తాళం వేశాను. తాళంచెవి అంటే ఇనుప ముక్క కాదండీ, అంకెలూ అక్షరాలూ కలగలిసిన ఒక ఫైలు. అది ఒక్క పెన్‌డ్రైవ్‌లోనే ఉండేది.

"ఇంకో కాపీ నా దగ్గర పెట్టరాదుర?" అన్నాడు సంఘం పెద్ద రాజన్న.

"నేను దాసిన జాగ దేవునికి సుత దొర్కది కాకా!" అన్నాను.

ఆ జాగ మా అటక మీది స్టీలు డబ్బా. పెన్‌డ్రైవ్‌ను గుడ్డలో చుట్టి అడుగున పెట్టాను. దేవుడి సంగతేమో గానీ, మా అమ్మ సంగతి మరిచిపోయాను.

ఒకరోజు లచ్చవ్వ ఏడుస్తూ వచ్చింది. దుబాయిలో ఆమె భర్త మల్లేశం పనిచేసే కంపెనీ మూతపడింది. పాస్‌పోర్టు కూడా పోయింది. కాపీ పంపితేనే ఇల్లు చేరేది.

"ఇప్పుడే తీస్త చెల్లె, పరేషాన్ గాకు" అని ఇంటికి ఉరికాను. అటక మీద డబ్బా లేదు.

"అమ్మా, స్టీలు డబ్బ ఏది?"

"గరిజెలు పోసి పంపిన. పక్కింటోడు మొన్న దుబాయి పోయిండు గద."

గరిజెలంటే మా వైపు కజ్జికాయలే. మా వాడలో ఒకడు గల్ఫ్‌కు పోతే వాడి సంచిలో సొంత బట్టలకన్నా ఊరి డబ్బాలే ఎక్కువ.

"దాంట్ల గుడ్డ ఉండె గదనే?"

"అడుగుకు మెత్తగ ఉంటదని గట్లనే ఉంచిన. గరిజెలు ఇరుగయి గద!"

"ఎవలికి పంపినవే?"

"లచ్చవ్వ మొగనికే. తిండికి గోస అయితుందట పాపం."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మల్లేశం తాళంచెవిని చంకలో పెట్టుకుని పాస్‌పోర్టు కాపీ కోసం ఏడుస్తున్నాడు! వెంటనే ఫోన్ చేశాను.

"తమ్మీ, డబ్బ అడుగున ఏమున్నదో సూడు!"

"అడుగుదాంక ఇంక పోలే అన్నా. జల్ది ఒడ్వద్దని రోజుకొక్కటే తింటున్న."

"ఇయ్యాల కడుపునిండ తినురా. నువ్వు ఇంటికొస్తే అమ్మ ఇంకిన్ని చేస్తది" అన్నాను.

తిన్నాడు, గదిలోవాళ్ళందరికీ పెట్టాడు. అడుగున దొరికిన పెన్‌డ్రైవ్‌ను నెట్ షాపుకు పట్టుకెళ్ళి ఫైలు పంపించాడు. తాళం తెరుచుకుంది, కాపీ వెళ్ళింది. కొన్నాళ్ళకు మల్లేశమే వచ్చాడు.

డబ్బా ఖాళీగా తిరిగివ్వకూడదని నిండా ఖర్జూరాలు పోసి తెచ్చాడు. అడుగున మళ్ళీ అదే గుడ్డ, అందులో పెన్‌డ్రైవ్.

"ఇదెందుకు ఈడ పెట్టినవ్‌రా?"

"మెత్తగ ఉంటదని అన్నా!"

దేశం తిరిగి నెట్ షాపు కూడా చూసొచ్చిన తాళంచెవిని ఇక నమ్మలేనని కొత్తది చేశాను. ఆ గరిజెల మీద ఒట్టేసి చెబుతున్నాను: రెండో కాపీ రాజన్న కాక చేతిలో పెట్టనిదే ఏ తాళమూ వేయను, అమ్మను అడగనిదే ఏ డబ్బా మూతా తీయను.