దీవిలో దేవుడిచ్చిన నోరు

గొంతు లేనివాడు పిల్లలకు పాఠం చెప్పడానికి పనికిరాడని మా సంఘపు కమిటీ నా పేరు కొట్టేసింది. సహోదరులారా, సహోదరీలారా, మీకు ఇష్టమున్నా లేకపోయినా ముందు ఈ మాట చెప్పకుండా నేను స్తోత్రం చెల్లించలేను, ఎందుకంటే నన్ను పక్కన పెట్టింది మనుషులు, చేయి పట్టుకున్నది దేవుడు, ఈ రెండూ చెబితేనే దీవి నుంచి రాసి పంపుతున్న నా సాక్ష్యం నిజమౌతుంది.

నాది మల్కాపురం. విశాఖ పోర్టులో క్రేన్ల దగ్గర సిగ్నల్‌మన్‌గా పనిచేశాను. ఆ మోతలో కేక వినబడదు గనుక కింద నిలబడి ఎత్తు, దించు, ఆపు అని చేతులతో సైగ చేసేవాడిని. బడి మొహం చూడలేదు. బస్తాల మీది అక్షరాలను వాళ్ళనూ వీళ్ళనూ అడిగి నేర్చుకుని, తర్వాత వాక్యం నాకు నేనే చదువుకుని, మా సంఘంలో సండే స్కూలు నడిపాను. అప్పుడు నా దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళు కొందరు ఇప్పుడు అదే కమిటీలో కూర్చున్నారు. అదీ నేను మరచిపోలేదు!

ఒక ఆదివారం అండమాన్‌లోని ఒక చిన్న దీవి నుంచి దానయ్య అనే సహోదరుడు మా మందిరానికి వచ్చాడు. మన తీరం నుంచే వలస వెళ్ళిన జాలరి కుటుంబం, అక్కడి చిన్న సంఘానికి ఆయనే పెద్ద. "మా పిల్లలకి పాట వత్తాది బావా, అచ్చరం రాదు. బడిలో హిందీ సెప్తారు, ఇంగిలీసు సెప్తారు. మా తెలుగు వాక్యం పెట్టిలోనే ఉండిపోతంది" అని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. నేను వస్తానని అక్కడే మాటిచ్చాను, కమిటీ నా పేరు రాసుకుంది.

ఆ వెంటనే నా చీకటి కాలం మొదలైంది. గొంతులో గడ్డ, మెతుకు మింగితే మంట, ఆపరేషన్ తప్పదన్నారు. బల్ల మీదికి ఎక్కించేముందు నేను చేసిన ప్రార్థన ఇది: "ప్రభువా, ఈ ముసలి ప్రాణం నిలబెడితే ఆ దీవికి వెళ్తాను. నా మాట నేను తప్పను, నన్ను నువ్వు విడిచిపెట్టకు." ప్రాణం నిలబడింది, దేవునికే మహిమ! గొంతు మాత్రం పోయింది, గుసగుస మిగిలింది.

కమిటీ పెద్ద గోదావరి నుంచి ఉద్యోగానికి వచ్చి ఉక్కునగరంలో ఉంటున్న మర్యాదస్థుడు, నాకు టీ ఇప్పించి మరీ చెప్పాడు. "ఏమీ అనుకోకండి తాతగారూ, మీకే నోరు లేదు. అక్కడ మీ నోరెవరండీ?" ఆ రోజు నుంచి మందిరానికి వెళ్ళడం మానేశాను, వీధిలో పాట వినిపిస్తే తలుపు వేసుకునేవాడిని, రోగం కన్నా ఆ చేదే నన్ను ఎక్కువ తినేసింది. చివరికి నా భార్య రత్నమ్మే విసుక్కుంది. "మాటిచ్చింది కమిటీకేటి, దేవుడికేటి? సంచి సర్దు. నీ గుసగుస నాకు తప్ప ఎవులికి అర్తమౌతాది, నానూ వత్తాను." దానయ్యకు కబురు పెట్టి, నేను పనిచేసిన పోర్టులోనే ఓడ ఎక్కాం.

మొదటి రోజు సముద్రం ఒడ్డున తాటాకు పాకలో నేను 'అ' అని గుసగుసగా పలికితే, పిల్లలందరూ 'అ' అని గుసగుసలాడారు, 'ఆ' అంటే మళ్ళీ గుసగుసలే! తెలుగు చదువంటే ఇలాగే చదవాలనుకున్నారు పాపం. రత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "బాగుందయ్యా, దొంగల బడిలాగుంది!" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఒడ్డుకు వెళ్ళి ప్రార్థించాను: "తండ్రీ, మాట నిలబెట్టుకోవడానికి వచ్చాను. ఇప్పుడు దారి నువ్వే చూపించాలి."

కళ్ళు తెరిచేసరికి జెట్టీ దగ్గర సరుకుల పడవ నుంచి చిన్న క్రేన్‌తో బియ్యం బస్తాలు దించుతున్నారు, బరువు ఒకవైపు ఊగిపోతోంది, నా పిడికిలి దానంతటదే బిగుసుకుని పైకి లేచింది, క్రేన్ నడిపేవాడు చూసి టక్కున ఆపాడు. వెనక్కి తిరిగితే పిల్లలందరూ పిడికిళ్ళు ఎత్తి నిలబడి ఉన్నారు! స్తోత్రం, స్తోత్రం! దేవుడు నాకు గొంతు తీసేముందే చేతులకు భాష నేర్పించి ఉంచాడని అప్పుడు గ్రహించాను.

మర్నాడు వాళ్ళకు నోటికి వచ్చిన పాటనే బోర్డు మీద రాసి, వాళ్ళు పాడుతుంటే ఒక్కొక్క అక్షరం కింద వేలు పెట్టాను. శబ్దం వాళ్ళది, అక్షరం నాది. తర్వాత గుణింతం. వేలు పైకి తిప్పితే గుడి, అరచేయి కిందికి దించితే కొమ్ము, పిడికిలి బిగిస్తే పొల్లు. 'క' రాసి వేలెత్తితే "కి!" అని, చేయి దించితే "కు!" అని అలల హోరును మించి అరిచారు. వల బాగుచేసుకుంటున్న దానయ్య, "సేపలు బెదిరిపోతన్నాయి బావా!" అని కేకేశాడు. ఆ అరుపుల్లో నా చేదు ఎప్పుడు కొట్టుకుపోయిందో నాకే తెలియదు. కమిటీ చేసింది తప్పే, ఇప్పటికీ తప్పే అంటాను, కానీ తలుచుకుంటే ఇప్పుడు నా నిద్ర చెడదు.

ప్రియమైనవారలారా, మీలో ఎవరినైనా పనికిరావని పక్కన పెట్టి ఉంటే, దయచేసి తలుపు వేసుకుని కూర్చోకండి, పిలిచినవాడిని నమ్మి బయలుదేరండి, ఆయన మిమ్మల్ని సిగ్గుపడనివ్వడు!

మొన్న ఆదివారం ఆరాధనకు ముందు, కమిటీ పెద్ద నన్నడిగిన ప్రశ్ననే బోర్డు మీద రాశాను: 'నాకు నోరు లేదు కదా, ఇక్కడ నా నోరెవరు?' నేను చేయి కదపలేదు. దానయ్య మనవరాలు సువార్త లేచి, ఒక్కొక్క అక్షరమూ కూడబలుక్కుంటూ చివరిదాకా గట్టిగా చదివి, నా వైపు తిరిగి నడుం మీద చేయి పెట్టుకుని అంది:

"అలాగడుగుతావేటి తాతా, మాం లేమేటి?"