జరగండి మేస్టారు

మేస్టారికి ఒకటే పిచ్చి: గదిలోకి ఎవరొచ్చినా, అప్పటికే కూర్చున్నవాళ్లందరి చేతా కుర్చీలు జరిపించడం.

అది ఎండలోంచి కరెంటు తీసే పెరోవ్‌స్కైట్ స్ఫటికాల మీద పనిచేసే ప్రయోగశాల. మీటింగు గది అగ్గిపెట్టెంత. బల్లకూ గోడకూ మధ్య కుర్చీలు ఇరుక్కుని ఉంటాయి. తలుపు కిర్రుమంటే చాలు, మేస్టారు చేతిలో మార్కర్ పైకి లేచేది.

"ఛార్జ్ వస్తోంది, జరగండి. మీరంతా స్ఫటికంలో పరమాణువులు. ఎలక్ట్రాన్ వస్తే కొన్ని దగ్గరికి జరుగుతాయి, కొన్ని దూరం జరుగుతాయి. అది దాటిపోయాక మళ్లీ ఎవరి చోటికి వాళ్లు."

"ఇప్పుడే కూర్చున్నాను సార్," అని మూలిగేవాడు ఓ స్కాలరు.

"పరమాణువు అలా అనదు నాయనా."

టీ తెచ్చేవాడికీ జరగాల్సిందే, ఫ్యాను బాగుచేసేవాడికీ జరగాల్సిందే. ఓసారి చీవాట్లు పెట్టడానికి డైరెక్టరుగారే వచ్చారు. గది గదంతా కదిలేసరికి అది తన మీద గౌరవమనుకుని, చీవాట్లు సగానికి తగ్గించుకున్నారు.

మేస్టారిని అందరికంటే ఎక్కువగా ఆడిపోసుకునేది స్ఫటికాలు పెంచే అమ్మాయి. ఆమె చంకలో కర్రతో నడుస్తుంది. పాత ప్రయోగశాలలో ఆమె గుమ్మంలో కనబడగానే "అయ్యో, అమ్మాయికి దారివ్వండి" అని జాలి ఒలకబోసేవారు. ఆ జాలి భరించలేకే మానేసింది. ఇక్కడా అది మొదలైతే ఇదీ మానేద్దామని ఒట్టు పెట్టుకుంది, స్ఫటికాలు ఇప్పుడిప్పుడే చెప్పినమాట వింటున్నా సరే. అదృష్టం కొద్దీ ఇక్కడ అందరికీ మేస్టారిని తిట్టుకోవడంతోనే సరిపోయేది, ఆమె కర్ర వంక చూసే తీరిక ఎవరికీ లేదు.

జ్వరమొచ్చి ఓ మీటింగుకు రాలేకపోయింది. మర్నాడు టెక్నీషియన్‌ని అడిగింది:

"నిన్న ఎన్నిసార్లు జరిపించారన్నా?"

"నిన్న లేదమ్మా, నువ్వు రాలేదుగా," అనేసి నాలిక కరుచుకున్నాడతను.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. అంటే ఇక్కడా అదే జాలి, కాకపోతే దానికి ఫిజిక్సు ముసుగు. మానేస్తున్నానని చెప్పేయడానికి తిన్నగా మేస్టారి గదికి వెళ్లింది.

"నేను లేని రోజు ఎవరూ జరగలేదట?"

మేస్టారు మార్కర్‌కి మూత పెట్టారు, తీశారు, మళ్లీ పెట్టారు.

"ఛార్జ్ లేనిదే స్ఫటికం ఎందుకు వంగుతుందమ్మా?"

"నా మీద జాలి పడుతున్నారు."

"పెరోవ్‌స్కైట్‌కి జాలి పడటం ఎక్కడొచ్చు? అది మెత్తటి స్ఫటికం. కాస్త వంగి చోటిస్తుంది కాబట్టే, ఎలక్ట్రాన్ దారిలో గుంటల్లో పడకుండా అంతదూరం పోతుంది. దాని పని అది చేసుకుపోతుంది, మన మీటింగు గదీ అంతే."

ఆమెకు కోపం నిలవలేదు. నవ్వొచ్చేసింది.

"అయితే నేను లేనప్పుడు కూడా జరిపించండి సార్. లేకపోతే ఇదంతా నాకోసమేనని అందరికీ తెలిసిపోతుంది."

"వాళ్లకి మొదటి వారమే తెలిసిపోయిందమ్మా," అన్నారు మేస్టారు. "నీకు తెలియకూడదని, పాపం, అప్పట్నుంచీ నన్ను తిట్టుకుంటున్నట్టు నటిస్తున్నారు. కొందరైతే మరీ జీవించేస్తున్నారు."

మానేస్తానన్న మాట ఆమె ఆరోజు ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు.