ఊపిరి పట్టినంతసేపు

ఏటి మీద అందరూ ఆయన్ని ఊపిరాయన అనేవాళ్లు. కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, గుర్తింపు కార్డు మీద తప్ప దానితో ఎవరికీ పని పడలేదు. చివరికి ఆయన కూడా ఆ పేరుతో పిలిస్తే రెండోసారికి గానీ పలికేవాడు కాదు.

పొద్దున రెండు గంటలు పంపుల ఇంటి దగ్గర ఆయన ఉద్యోగం. ఏటి నీరు పైపుల్లోకి పోయేచోట పెద్ద ఇనుప జాలీ ఉంటుంది. దానికి అడ్డంపడ్డ కొమ్మలూ, సీసాలూ, చెత్తాచెదారం పొడవాటి కొక్కెం కర్రతో లాగి ఒడ్డున పోయాలి. అది కాగానే ఎగువన లాడ్జివాళ్ల పడవ. గాలాలు భుజాన వేసుకుని ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్లను ఎక్కించుకుని సాయంత్రం దాకా తిప్పాలి. ఆ ఏట్లో చేపను పట్టొచ్చు, చంపకూడదు. పట్టినచోటే వదిలెయ్యాలి. వదిలేముందు ఒక ఫొటో తీసుకోవచ్చు. ఆ ఒక్క ఫొటో దగ్గరే ఆయనకూ లోకానికీ పేచీ.

చేప నీళ్లలోంచి పైకి లేచిందంటే చాలు, ఆయన గుండెల నిండా గాలి పీల్చి బిగబట్టేవాడు. ఆ ఊపిరి నిలిచినంతసేపే ఫొటో. ఇక పట్టలేక బుస్సుమని వదిలాడా, చేప నీళ్లలో ఉండాల్సిందే. మీ టోపీ సర్దుకున్నారా, మీ నవ్వు కుదిరిందా, అదంతా ఆయనకు అనవసరం. ముందే చేతులు తడుపుకోమనేవాడు. పొడిచేత్తో పట్టుకుంటే చేప ఒంటి మీది జిగురు ఊడొస్తుంది, ఆ జిగురే దానికి చొక్కా, అదే మందు. మొప్పల్లో వేలు పెట్టబోతే చెయ్యి పట్టుకుని లాగేసేవాడు. దవడ పట్టుకుని వేలాడదీస్తే మాత్రం ఎదుటివాడు ఎంతటివాడైనా సరే, మాట పడాల్సిందే.

“నీ మెడ పట్టుకుని వేలాడదీసి నవ్వమంటే నవ్వుతావా బాబూ?”

ఒకసారి ఒక పెద్దమనిషి, చేతికి బంగారు గడియారం, ఒంటికి నలగని చొక్కా, “ఇంకొక్కటి, ఇంకొక్కటి” అంటూ ఎంతకీ వదలడు. ఊపిరాయన ఆయన చేతుల కింద తన చేతులు పెట్టి చేపను నీళ్లలోకి దించేశాడు.

“ఏంటయ్యా ఇది! ఇంతదూరం వచ్చింది దీనికోసమే కదా!” అని ఆయన ఇంతెత్తున లేచాడు.

“అది ఎక్కడికీ రాలేదు సార్. దాని ఇంట్లో అది ఉంది. మనమే వచ్చాం.”

“అయినా దానికేమైందని? చూడు, ఎంత చక్కగా ఈదుకుంటూ పోయిందో!”

“పోతుంది సార్. అప్పటికి అన్నీ పోతాయి. మూడు నాలుగు రోజులాగి పంపుల ఇంటికి రండి, చూపిస్తాను.”

పెద్దమనిషి రాలేదనుకోండి. ఎవరూ రారు. ఫొటో చూసుకునేవాళ్లకు జాలీతో ఏం పని? ఊపిరాయనకు మాత్రం రోజూ పనే. కుర్రతనంలో ఆయనా తక్కువ తినలేదు. పట్టిన చేపను పడవ చెక్కల మీద దొర్లించి, ఎత్తి చూపించి, జనం చప్పట్లు కొడుతుంటే ఏట్లోకి విసిరినవాడే. జాలీ పనిలో చేరిన మొదటి వేసవిలో, కొక్కెం కర్రకు తగిలిన చచ్చిన చేపల ఒంటి మీద తెల్లగా బూజు పట్టిన మచ్చలు చూశాడు. ఒకదాని మీద నాలుగు మచ్చలు ఒక వరసలో, ఒకటి ఎదురుగా. తన చెయ్యి ఆనించి చూసుకున్నాడు. వేళ్లు అచ్చంగా కుదిరాయి. ఆ తర్వాతే ఈ ఊపిరి లెక్క మొదలైంది.

ఇంటి దగ్గర ఈ కథలన్నీ వినేది భార్య. ఆమెది బట్టల లాండ్రీలో ఇస్త్రీ పని. ఆవిరిలో నిలబడి నిలబడి మొహం ఎప్పుడూ ఎర్రగా ఉండేది, మాట మాత్రం మహా చల్లన. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఆమె ఒక్కసారీ ఏటికి వెళ్లలేదు. ఆయనకు సెలవైతే ఆమెకు పని, ఆమెకు సెలవైతే ఆయనకు పడవ. పైగా నీళ్లంటే ఆమెకు చచ్చేంత భయం.

ఆ ఏట్లో వంతెన మూడో స్తంభం దగ్గర ఒక ముసలి చేప ఉండేది. పెద్దది, రాగిరంగు పొలుసులు, పైపెదవి మీద ఎప్పటిదో గాలం చీల్చిన గాటు. పద్నాలుగేళ్లుగా ఏడాదికొకసారి ఎవరో ఒకరి గాలానికి పడేది. ప్రతిసారీ ఊపిరాయన చేతుల్లోంచే వెళ్లేది. అది పడ్డ రోజున ఆయన ఇంటికి వచ్చే నడకే వేరు. భార్య గుమ్మంలోనే పట్టేసేది.

“ఏంటీ, మొహం వెలిగిపోతోంది! నా సవతి కనిపించిందా?”

“కనిపించింది. బాగానే ఉంది.”

“ఉండదూ మరి! నా చెయ్యి కాలితే అయ్యో అన్నవాడివి కాదు, దాన్నేమో రెండుచేతులా మోస్తావు.”

“నువ్వు కూడా నీళ్లలో ఉండు, మోస్తాను.”

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. మందుల షాపులో పనిచేసే కూతురు, “ఏమ్మా, చేపతో పోటీ ఏంటి నీకు?” అని తల కొట్టుకునేది.

ఆ ఇల్లాలికి దగ్గు పట్టుకుంది. లాండ్రీ ఆవిరే అనుకున్నారు, గాలిమార్పు అనుకున్నారు. చివరికి డాక్టరు, ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని తేల్చాడు. ముక్కుకు గొట్టం వచ్చింది, మంచం పక్కన సిలిండరు వచ్చింది. ఎవరి ఊపిరీ ఆగకూడదని ఇన్నేళ్లు తన ఊపిరి బిగబట్టినవాడి ఇంట్లోనే ఇలా రావాలా? దేవుడనేవాడుంటే నిలదీసి అడగాల్సిన మాట. ఊపిరాయన ఎవర్నీ అడగలేదు. సిలిండరు మీది ముల్లు చూడడం నేర్చుకున్నాడు, అంతే.

వేసవి ముదిరింది. ఒకరోజు ఆమె, “ఏమయ్యా, ఒక్కసారి నా సవతిని చూపించవూ?” అంది.

“నీళ్లంటే భయమన్నావుగా?”

“ఇప్పుడింకేం భయం?”

ఆయన సరేనన్నాడు. పొద్దుటిపూట ఆమెకు దగ్గు తెరిపివ్వదు, మధ్యాహ్నం రెండు దాటితే గానీ మంచం దిగలేదు. ఎండాకాలం మధ్యాహ్నం, ఏరు సన్నబడి నీళ్లు వెచ్చగా ఉన్నప్పుడు గాలం వెయ్యడమే పాపమని అతిథులతో కొట్లాడి పడవ కట్టేసే మనిషి ఆయన. ఆ నీళ్లలో చేపకు ఊరికే ఉంటేనే ఆయాసం. అన్నీ తెలుసు. తెలిసే వెళ్లాడు.

కూతురు చిన్న సిలిండరు మోసింది. వంతెన పక్కన రేవు చెక్కల చివర కుర్చీ వేసి ఆమెను కూర్చోబెట్టారు. ఆయన మోకాలిలోతు నీళ్లలో దిగి గాలం వేశాడు. గంటసేపు ఏమీ లేదు. వెళ్లిపోదామనుకుంటుండగా తాడు బిగిసింది. లాగడంలోనే ఎవరో ఆయనకు తెలిసిపోయింది. వెచ్చటి నీళ్లు కదా, ముసలిది చాలాసేపు పెనుగులాడి అలిసి దగ్గరికి వచ్చింది.

“అమ్మా, వచ్చింది! పెద్దది!” అని కూతురు అరిచింది.

ఆయన చేతులు తడిపి, గాలం తీసి, పొట్ట కింద ఒక చెయ్యి, తోక దగ్గర ఒక చెయ్యి వేసి కుర్చీ ముందుకు ఎత్తాడు. ఆమె మొహం చూశాడు. ఎన్ని నెలలైందో ఆ మొహంలో అలాంటి వెలుగు చూసి.

“ఇదేనా! అబ్బ, ఎంత అందంగా ఉందయ్యా! మనసు పారేసుకున్నావంటే పారేసుకోవూ!”

“మీ ఇద్దరిలో నువ్వే నయం. అది నన్ను ఒక్కమాటా అనదు గానీ, వంట రాదు.”

ఆమె పకపకా నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. కూతురు ఫొటో తీస్తే కళ్లు మూతపడ్డాయి. మళ్లీ తీస్తే గాలికి పైట మొహం మీద పడింది. “ముట్టుకోనా?” అంది ఆమె. “చెయ్యి తడుపుకో,” అన్నాడు. కూతురు సీసాలో నీళ్లు తెచ్చి తల్లి చేతిమీద పోసింది. ఆమె చేప నుదుటి మీద వేళ్లు పెట్టి, “నున్నగా ఉంది. బిడ్డ ఒళ్లులా ఉంది,” అంది. “ఇలా చూడమ్మా!” అంది కూతురు. ఆ ఫొటో కుదిరింది.

ఆయన చేపను నీళ్లలోకి దించి, తల ప్రవాహానికి ఎదురుగా తిప్పి పట్టుకున్నాడు. మొప్పలు మెల్లగా తెరుచుకుంటున్నాయి. చాలాసేపటికి అది తోక ఆడించి వెళ్లింది. కూతురు చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు విన్నాక గానీ ఆయనకు గుర్తు రాలేదు, తను ఊపిరి పట్టలేదని. ఇన్నేళ్లలో మొదటిసారి, చేపను చేతుల్లో పెట్టుకుని హాయిగా కబుర్లు చెప్పాడు. ఎంతసేపు? ఎంతో ఆయనకే తెలియదు.

మూడు రోజులు జాలీ దగ్గర చెత్త తప్ప ఏమీ లేదు. నాలుగో రోజు పొద్దున కొక్కెం కర్రకు బరువు తగిలింది. తిప్పి చూడక్కర్లేకపోయినా తిప్పి చూశాడు. పైపెదవి మీద గాటు. పంపుల ఇంటి వెనక గొయ్యి తీసి పూడ్చాడు. మట్టి కప్పి, ఎవరూ చూడని ఆ గోడ పక్కన కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సాయంత్రం గుమ్మంలో అడుగుపెట్టగానే మంచం మీంచి మాట వచ్చింది.

“నా సవతి కనిపించిందా?”

“ఆ. కనిపించింది. బాగానే ఉంది.”

ఇక రోజూ ఇదే. ఒక్కసారి అబద్ధమాడితే ఆగుతుందా? ఈ రోజు స్తంభం నీడన ఉంది. ఈ రోజు పడవ పక్కనే వచ్చి బుడగలు వదిలింది. ఈ రోజు పిల్లచేపల్ని తరిమింది. ఆయన చెబుతుంటే ఆమె ఎదురుగా గోడ మీద కూతురు అతికించిన ఫొటో చూస్తూ వినేది. ఆయన ఆ గోడవైపు తిరిగేవాడు కాదు.

పడవ మీద కూడా ఆయన నోరు పడిపోయింది. ఒకరోజు ఒక కుర్రాడు చేపను దవడ పట్టి వేలాడదీశాడు. ఊపిరాయన పల్లెత్తు మాట అనలేదు. దగ్గరికి వెళ్లి చేపను తీసుకుని నీళ్లలో పెట్టాడు, అంతే. “ఏమయ్యా, ఒంట్లో బాగాలేదా?” అని లాడ్జి మేనేజరే అడిగాడు. ఇంకొకరిని తిట్టే మొహం తనకెక్కడిదని ఆయన బాధ. అది చెప్పుకునే చోటు కూడా లేదు. చెప్పుకోవాల్సిన మనిషితోనే కదా అబద్ధాలాడుతున్నది!

వానలు మొదలయ్యేసరికి ఆమె మాట గొణుగుడులోకి దిగింది. డాక్టరు ఇంటికొచ్చి చూసి, కూతుర్ని బయటికి పిలిచి మాట్లాడి వెళ్లాడు. ఆ సాయంత్రం ఆయన మంచం పక్కన కూర్చున్నాడు. ఆమె పెదవులు కదిలాయి.

“నా సవతి...?”

“ఆ...” అన్నాడు. అంతలోనే తల అడ్డంగా ఊపాడు. “లేదే. అది లేదు. నువ్వు చూసిన నాలుగోరోజే పోయింది. జాలీ దగ్గర నేనే తీశాను. నేనే చంపానే దాన్ని. రోజూ నీకు అబద్ధం చెప్పాను.”

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

“తెలుసయ్యా,” అంది.

“అమ్మాయి చెప్పిందా?”

“దానికేం తెలుసు! నువ్వే కదా ఇరవై ఆరేళ్లుగా చెప్పావు, చేప పైకి లేస్తే నోరు మూసేస్తానని. ఆ రోజు నువ్వు మాట్లాడుతూనే ఉన్నావు.” ఆగి, గొట్టంలోంచి నాలుగు ఊపిరులు తీసుకుంది. “నాకు అప్పుడే తెలిసింది. ఆపమనలేదు. నువ్వలా నవ్వి ఎన్నాళ్లయింది! ఇంకాస్సేపు... ఇంకాస్సేపు అనుకున్నాను. పాపం, దాని ప్రాణం తీసింది నువ్వొక్కడివే కాదు.”

ఆయన తల దించుకున్నాడు. కన్నీళ్లు దుప్పటి మీద పడుతున్నాయి.

“మరి రోజూ ఎందుకడిగావే?”

“నువ్వు చెబుతుంటే బాగుండేది. అది ఉందంటే నేనూ ఉంటాననిపించేది.” ఆమె కళ్లు మూసుకుంది. “చెప్పు. ఈ రోజు ఎక్కడ కనిపించింది?”

ఆయన ముక్కు తుడుచుకున్నాడు.

“మూడో స్తంభం దగ్గర. కొత్తనీరు వచ్చింది కదా, చల్లగా ఉంది. హాయిగా ఉంది అది.”

“ఊఁ,” అంది ఆమె.

మరో మూడు రోజులకు ఆమె వెళ్లిపోయింది.

నెల తిరిగాక కూతురు ఆ ఫొటోను పెద్దది చేయించమంది. అమ్మ అంత నవ్వుతూ ఉన్నది అదొక్కటే. ఊపిరాయన దాన్ని కవరులో పెట్టుకుని ఫొటో స్టూడియోకి వెళ్లాడు. స్టూడియో అతను దాన్ని స్కాన్ చేసి కంప్యూటర్లో తెరిచి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఆమె మొహం చాలా బాగా వచ్చిందండీ. ఆ చేప తీసేస్తాను, మొహం ఒక్కటే పెద్దగా పెడదాం.”

“వద్దు బాబూ. ఇద్దర్నీ ఉంచు.”

“సరే. అంచున ఎవరివో చేతులు పడ్డాయి చూడండి, మనిషి లేడు, చేతులే ఉన్నాయి. వీటినైతే చెరిపేస్తాను, చిటికెలో పని.”

ఊపిరాయన తెర మీదికి వంగి, చేప పొట్ట కింద ఉన్న ఆ తడి చేతుల్ని చాలాసేపు చూశాడు.

“వాటినీ ఉంచు,” అన్నాడు. “అవి నావి.”